క్రిస్టీ వద్దంది

ఏప్రిల్ 24, గురువారం

జిల్లా పేజీలో మళ్ళీ వేశారు. క్రిస్టీ ఫోటో, పక్కన ఎక్కడిదో ఒక మంచు కొండ. అది మేం వెళ్ళిన కొండ కాదు. పేపరు వాళ్ళకి ఏ కొండయినా ఒకటే. ‘అజాగ్రత్తతో ప్రాణాలు పోగొట్టుకున్న టీచర్’ అని హెడ్డింగు. అజాగ్రత్తట. స్కూటీ స్టాండు తీసేముందు రెండు టైర్లూ నొక్కి చూసుకునే మనిషి గురించి ఆ మాట రాశారు.

కింద ‘తోటి సభ్యుడు అశోక్ తెలిపిన వివరాల ప్రకారం’ అని ఉంది. కింది నుంచి అతను సిగ్నల్ ఇవ్వకముందే ఆమె బయల్దేరిందట.

అశోక్ పక్కన నిలబడి ఉన్నది నేను. వాకీటాకీలో ‘రావచ్చు క్రిస్టీ’ అని అతను అనడం నా చెవులతో విన్నాను.

పన్నెండు రోజులైంది. ఈ కోపం ఎవరి దగ్గర వెళ్ళగక్కాలో తెలియడం లేదు. ఆఫీసు వాళ్ళిచ్చిన డైరీ ఖాళీగా పడి ఉంటే తీశాను.

ఏప్రిల్ 25, శుక్రవారం

సెలవు అయిపోయింది, ఆఫీసుకు వెళ్ళాను. వేసవికి కాలువలు కట్టేశారు కాబట్టి నీటిపారుదల సెక్షన్‌లో పెద్దగా పని లేదు. పని లేకపోతే మాటలు. మా సూపరింటెండెంటు జగన్నాథరావు గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ‘మంచెక్కడమ్మా, మనమెక్కడ’ అన్నారు. ఆయన మంచివారే, బాధపడుతూనే అన్నారు. కానీ ఈ ప్రశ్న వినీ వినీ నా ఒళ్ళు మండిపోతోంది. గోదావరి జిల్లా వాళ్ళు గల్ఫ్ ఎడారికి వెళ్ళొచ్చు, ఓడెక్కి సముద్రాలు తిరగొచ్చు. మంచు మాత్రం మనకి పడదు.

ఆరేళ్ళ కిందట మనాలీలో స్కీయింగు కోర్సుకు వెళ్ళినప్పుడు కూడా ఇదే అడిగారు. వెళ్ళింది ముగ్గురం. రాజమండ్రిలో జిమ్ నడిపే అశోక్, నేను, నాతోపాటు ఎల్‌కేజీ నుంచి డిగ్రీ దాకా చదివిన క్రిస్టినా, మా క్రిస్టీ. అప్పటి వరకు మేం చూసిన ఎత్తు కాలువ గట్టు. కోర్సు అయ్యాక ప్రతి ఏప్రిల్‌కీ వెళ్ళేవాళ్ళం. ఎందుకు ఏప్రిల్ అంటే, చలికాలం మంచు అప్పటికి అణిగి గట్టిపడుతుంది. తెల్లవారేసరికి రాయిలా ఉంటుంది, దాని మీద ఎక్కేయాలి. ఎండకు పైపొర కాస్త కరగగానే స్కీల మీద దిగేయాలి. ఇంకా ఆలస్యమైతే ఆ మంచు నిలవదు. ఇదంతా జగన్నాథరావు గారికి చెప్పాను. ‘మరి ఆ అమ్మాయికి ఇది తెలియదామ్మా’ అన్నారు.

తెలుసండీ. మా అందరికన్నా బాగా తెలుసు.

స్కూల్లో సంతాప సభ పెట్టి, అదే సభలో ఆడపిల్లల ట్రెక్కింగ్ క్లబ్బు తీసేస్తున్నామని హెడ్‌మిస్ట్రెస్ గారు ప్రకటించారట. క్రిస్టీ పెట్టిన క్లబ్బు అది. తొమ్మిదో తరగతి పిల్లల్ని పాపికొండల దాకా తీసుకెళ్ళి, ఒక్కరికి ముల్లు గుచ్చుకోకుండా తీసుకొచ్చింది. ‘మీ టీచర్‌ని చూసి నేర్చుకోండి’ అన్నారట పిల్లలతో. ఏం నేర్చుకోవాలో కూడా ఆవిడే చెప్పారట.

ఏప్రిల్ 27, ఆదివారం

చర్చికి వెళ్ళాను. మా ఇంట్లో ఎవరూ చర్చికి వెళ్ళరు. నేను చిన్నప్పటి నుంచి క్రిస్మస్‌కి క్రిస్టీ వెంట వెళ్తాను కాబట్టి అక్కడ నేను కొత్త కాదు. చివరి వరుసలో కూర్చున్నాను.

జీవరాజు పాస్టరు గారు విధేయత మీద ప్రసంగం చేశారు. చెప్పిన మాట వినని యౌవనస్థులు, కన్నవాళ్ళకి మిగిల్చే దుఃఖం. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు. అన్ని తలలూ ముందు వరుసలో ఉన్న సంపూర్ణమ్మ ఆంటీ వైపు తిరిగాయి. ఆవిడ తల వంచుకునే ఉంది. కూతుర్ని మట్టి చేసి పది రోజులు కాలేదు, ఆ తల్లి చేత తల వంచించారు. లేచి నిలబడి అడుగుదామనుకున్నాను. నిలబడలేదు.

బయటికి వచ్చాక క్రిస్టీ తమ్ముడు కిరణ్ ఒక మాట చెప్పాడు. అమ్మ సమాధి దగ్గరికి రావడం లేదక్కా అన్నాడు. పూలు తీసుకెళ్దామంటే, మాట విననిదానికి పూలెందుకు అందట.

ఇదంతా అశోక్ చేసింది.

ఏప్రిల్ 29

అశోక్ ఫోన్ ఎత్తలేదు.

ఏప్రిల్ 30

ఎత్తలేదు.

మే 1, గురువారం

ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేం దిగాలనుకున్నది రెండు రాతి గోడల మధ్య నిట్టనిలువుగా దిగే మంచు దారి. దానికేదో ఫ్రెంచి పేరుంది, మేం ముగ్గురం మాత్రం సందు అనేవాళ్ళం. పై భాగంలో మరీ ఇరుకు, ఒక లారీ పట్టేంత. రెండేళ్ళుగా వాతావరణం బాగోక దాని అడుగు దాకా వెళ్ళి తిరిగొచ్చాం. ఈసారి ఆకాశం కడిగినట్టుంది. కింద క్యాంపులో వంట చేసే ఆయన తప్ప చుట్టుపక్కల మనిషి లేడు.

స్కీలు వీపుకు కట్టుకుని, బూట్ల కింద ఇనుప ముళ్ళు బిగించుకుని ఎక్కాం. ఎక్కడం ఆలస్యమైంది. ఎనిమిదికి దిగడం మొదలుపెట్టాల్సింది, పైకి చేరేసరికే పది దాటింది. ఎండ ఎడమ గోడ మీదికి వచ్చేసింది. క్రిస్టీ చేతికర్ర మంచులో గుచ్చి చూసింది. పిడి దాకా దిగిపోయింది. చిన్న చిన్న మంచు ఉండలు వాటంతటవే దొర్లుకుంటూ పోతున్నాయి.

‘మెత్తబడిపోయింది. ఈ పూట వద్దు’ అంది.

వెనకవైపు గుట్ట మీదుగా నడిచి దిగడానికి దారి ఉంది. మూడు గంటలు పడుతుంది. అశోక్ వినలేదు. పది నిమిషాల్లో కింద ఉంటాం అన్నాడు. ముందు అతను దిగాడు. తర్వాత నేను. ఒకరు కింద బండ చాటుకు చేరాకే రెండోవాళ్ళు బయల్దేరాలి. నేను బండ దగ్గరికి చేరాక అశోక్ ‘రావచ్చు క్రిస్టీ’ అన్నాడు. ఆమె వచ్చింది. నాలుగు మలుపులు చక్కగా తిరిగింది. ఐదో మలుపులో ఆమె పైన మంచు కదిలింది. తడి ఇసుక గుట్ట కూలినట్టు కూలింది. పెద్దగా చప్పుడు కూడా లేదు.

ముగ్గురి దగ్గరా బీకన్లు ఉన్నాయి, మంచులో కూరుకుపోయిన మనిషి ఎక్కడున్నారో చెప్పే యంత్రాలు. వాటితో వెతికాం. పారలతో తవ్వాం. తడి మంచు ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుంటుంది. పద్నాలుగు నిమిషాలకు ముఖం బయటపడింది. గంటసేపు ఊపిరి ఊదుతూనే ఉన్నాం.

అశోక్ తీసుకెళ్ళాడు. అశోక్ వినలేదు. అశోక్ రమ్మన్నాడు. ఇప్పుడు అది ఆమె తప్పంటున్నాడు.

మే 4, ఆదివారం

దాళ్వా ధాన్యం ఇంటికొచ్చింది. నాన్న నాతో పంట గురించి తప్ప మాట్లాడటం లేదు. అమ్మ నా స్కీలు ఎక్కడ దాచిందో చెప్పదు. ‘నువ్వు బతికొచ్చావు, నాకది చాలు. ఇంకెవరి మీదా ఎగరకు’ అంటుంది. ఎగరడమట. ఒక మనిషి మీద అబద్ధం వేస్తే, అది తప్పని చెప్పడం ఎగరడమట.

మే 10, శనివారం

రాజమండ్రి వెళ్ళాను. ఫోన్లో దొరకని మనిషి జిమ్‌లో దొరక్కపోడు కదా.

మధ్యాహ్నం కాబట్టి లోపల ఎవరూ లేరు. అశోక్ చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. జాలిపడకూడదని దారిలోనే అనుకున్నాను. పేపరు ముందు పెట్టి, అలా ఎందుకు చెప్పావని అడిగాను.

‘ఇంకేం చెప్పమంటావు?’ అన్నాడు.

‘జరిగింది చెప్పు.’

‘మొత్తం చెప్పనా? నువ్వన్న మాటతో సహా?’

నేను పేపరు మడత పెట్టాను.

‘సిగ్నల్ నేనే ఇచ్చానంటే, ఎందుకిచ్చావంటారు. ఆ అమ్మాయి వద్దందంటే, వద్దన్న మనిషి ఎందుకు దిగిందంటారు. అక్కడికొచ్చేసరికి నువ్వున్నావు దుర్గా. నిన్ను అందులోకి లాగలేకే అలా చెప్పాను.’

నన్ను కాపాడమని నేను అడగలేదన్నాను. చచ్చిపోయిన మనిషి మీదికి నెట్టి బతికున్నవాళ్ళని కాపాడతావా అన్నాను. ఇంకా చాలా అన్నాను. అతను నేల చూస్తూ విన్నాడు. ‘పోనీ నువ్వే చెప్పు, నేనేమీ కాదనను’ అన్నాడు చివరికి.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. మా రామచంద్రపురం వచ్చేదాకా వేడి గాలి మొహానికి కొడుతూనే ఉంది. కిటికీ వేసుకోవాలని కూడా తోచలేదు.

మే 11

నా మీద దయ చూపించాడట.

మే 13

నేనన్న మాట అంత పెద్దదేం కాదు. స్నేహితులన్నాక అనుకుంటాం.

మే 14

పెద్దదేం కాదు.

మే 17, శనివారం

ఎక్కడం ఆలస్యమైందని రాశాను. నా వల్ల ఆలస్యమైంది. నా బూటు ముళ్ళ పట్టీ సగం దారిలో తెగింది. అక్కడే కూర్చుని తాడుతో కట్టుకునేసరికి గంటన్నర పట్టింది. ముందురోజు పట్టీలు చూసుకున్నావా అని క్రిస్టీ రెండుసార్లు అడిగింది. చూశానన్నాను. చూడలేదు.

అశోక్ వినలేదని రాశాను. క్రిస్టీ వద్దన్నప్పుడు అశోక్ నా వైపు చూశాడు. ముగ్గురిలో ఒక్కరు వద్దన్నా ముగ్గురూ వెనక్కి తిరగాలన్నది మా మొదటి ఏడాది నుంచి ఉన్న మాట. ఆ మాట పెట్టింది నేనే. నేను వెనక్కి అంటే అతను వచ్చేసేవాడు. రెండేళ్ళు వెనక్కి వచ్చాను కదా, మూడో ఏడు కూడానా అని నాకు ఉక్రోషం. దానికి తోడు ఆ ఆలస్యం నాది.

క్రిస్టీతో నేనన్నది ఇది: ‘నువ్వెప్పుడూ ఇంతే. భయమైతే నడిచి రా, మేం దిగుతాం.’ నవ్వుతూ అన్నాను. అశోక్ కూడా నవ్వాడు.

దానికి క్రిస్టీ ఒక మాట అంది. అది ఇప్పుడు రాయలేను.

మే 20, మంగళవారం

ఆఫీసుకు సెలవు పెట్టి సంపూర్ణమ్మ ఆంటీ ఇంటికి వెళ్ళాను. ఆవిడ నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. నేను వెళ్ళేసరికి, క్రిస్టీ దిద్దకుండా వదిలేసిన సైన్సు రికార్డు పుస్తకాలు స్కూలుకు పంపడానికి తాడు కడుతున్నారు. నన్ను చూసి కుర్చీ జరిపారు. నేను కింద కూర్చున్నాను.

ముందు సిగ్నల్ సంగతి చెప్పాను. పిలిచాకే వచ్చిందండీ, పిలవకముందు అడుగు కదపలేదు అన్నాను. ఆవిడ చేతులు ఆగాయి. తర్వాత పట్టీ సంగతి. తర్వాత మంచులో కర్ర దిగిపోయిన సంగతి.

‘అయితే అది వద్దందా?’ అన్నారు.

‘వద్దందండీ.’

‘మళ్ళీ చెప్పు.’

‘వద్దంది ఆంటీ. రెండుసార్లు అంది. మేమే వినలేదు.’

నేనన్న మాట కూడా చెప్పాను. నవ్వానని కూడా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. నర్సులు రోగిని అడిగినట్టు ఒక్కొక్కటే అడిగారు. అప్పుడు టైమెంత, ఎవరెక్కడ నిలబడ్డారు, అది ఏమంది.

ఆ మాట చెప్పాల్సి వచ్చింది. క్రిస్టీ అక్కడే నిలబడి కాసేపు సందులోకి చూసింది. తర్వాత హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ అంది: ‘మీరిద్దరే దిగితే, ఒకరు కూరుకుపోతే తవ్వడానికి ఒక్కరే మిగులుతారు. ఒక్కరి వల్ల కాదు. నేనూ వస్తాను.’

ఆంటీ తాడు విప్పి మళ్ళీ మొదటి నుంచి కట్టారు. తర్వాత లేచి లోపలికి వెళ్ళారు. ఆవిడ ఏడవడం వినిపించింది. లోపలికి వెళ్ళాలో, ఇంటికి వెళ్ళిపోవాలో తెలియక అక్కడే కూర్చున్నాను. బయటికి వచ్చాక మొహం కడుక్కుని ఉన్నారు.

‘ఈ నెల రోజులూ నేను దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. తెలుసా నీకు?’ అన్నారు.

తెలుసునన్నాను. కిరణ్ చెప్పాడన్నాను.

‘తెలిసీ ఇన్నాళ్ళా?’



ఆదివారం జ్ఞాపకార్థ కూడిక ఉంది, ఈ మాట అక్కడ అందరి ముందూ చెప్పు అన్నారు. అడిగినట్టు లేదు, ఆజ్ఞాపించినట్టుంది.

మే 22

అమ్మకి చెప్పాను. ‘ఊరందరి ముందా? ఆవిడకి చెప్పావుగా, చాలదా?’ అంది. పేపర్లో ఊరందరికీ కనిపించేలాగే వేశారమ్మా అన్నాను. ఆఖరికి నా స్కీలు ఎక్కడున్నాయో చెప్పింది. నేను అడగలేదు.

మే 25, ఆదివారం

మాట్లాడేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముందు జీవరాజు గారు ప్రార్థన చేశారు, పాటలయ్యాయి. తర్వాత ఆంటీ లేచి, నాగదుర్గ మాట్లాడుతుంది అన్నారు. నన్ను ఎరగనివాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. క్రిస్టీ స్కూలు పిల్లలు ఎనిమిది మంది వచ్చారు. హెడ్‌మిస్ట్రెస్ గారు కూడా వచ్చారు.

చెప్పాను. మొత్తం. పట్టీ దగ్గర నుంచి తవ్వడం దాకా. మీరంతా అజాగ్రత్త అన్నారు, మాట విననిది అన్నారు, ఆ రోజు జాగ్రత్తగా ఉన్నది ఒక్క క్రిస్టినాయే, మాట విననిది నేను అన్నాను. కావాలంటే నా పేరు పెట్టి ప్రసంగం చెయ్యండి అన్నాను. అది అనాలనుకోలేదు, వచ్చేసింది.

జీవరాజు గారు తర్వాత నా దగ్గరికి వచ్చి, ‘ఆ ఆదివారం నేను మాట్లాడింది’ అని ఆగిపోయారు. నేను ఆయన్ని పూర్తి చెయ్యనిచ్చేదాన్నే, ఇంతలో ఎవరో పిలిస్తే వెళ్ళిపోయారు. హెడ్‌మిస్ట్రెస్ గారు, అంత జాగ్రత్తపరురాలికే అలా అయితే పిల్లల్ని అసలెలా పంపుతామమ్మా అన్నారు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. పాపికొండల్లో మంచుంటుందాండీ అని అడిగాను. ఆవిడ పిల్లల్ని తీసుకుని గేటు వైపు నడిచారు. మళ్ళీ అడుగుతాను.

అశోక్ చెప్పులు విప్పేచోటు దాకా వచ్చి వెళ్ళిపోయాడని కిరణ్ చెప్పాడు. కాదననని మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు. అవునని మాత్రం లోపలికొచ్చి చెప్పలేకపోయాడు. అది నేను మర్చిపోను.

అందరూ వెళ్ళాక సమాధుల దగ్గరికి ఆంటీ వెంట నేనూ వెళ్ళాను. ఆవిడ చేతిలో చేమంతులున్నాయి. వాటిని పెట్టి, ఎండలోనే కూర్చున్నారు. పైకెక్కేటప్పుడు అది బాగానే ఉందా అని అడిగారు.

చాలా బాగుందండీ అన్నాను. తెల్లారాక ఆగి అటుకులు తిన్నాం. క్రిస్టీ నా వాటాలో వేరుశనగ గుళ్ళన్నీ ఏరుకు తినేసింది. ఎక్కుతున్నంతసేపూ చర్చి పాటలు పాడుతూనే ఉంది, ఆయాసపడుతూ, ప్రతి చరణం సగంలో వదిలేస్తూ. అశోక్ బతిమాలుకున్నాడు ఆపమని.

ఆంటీ నవ్వారు. ‘క్వయర్‌లోంచి రెండుసార్లు తీసేశారు దాన్ని. శ్రుతి ఉండేది కాదు’ అన్నారు.

లేచేటప్పుడు ఆవిడ నా భుజం పట్టుకుని లేచారు. తర్వాత చెయ్యి తీసేశారు.

‘నా పిల్ల మాట నాకు తెచ్చిచ్చావు. ఆ మాట నేను పోయేదాకా ఉంచుకుంటాను’ అన్నారు. ‘కానీ నువ్వు మా ఇంటికి రాకు దుర్గా. వస్తే కూర్చోబెడతాను, అన్నం పెడతాను. ఇన్నేళ్ళ అలవాటు. నాకిప్పుడు అది చెయ్యాలని లేదు. ఎన్నాళ్ళో నాకు తెలియదు.’

సరేనండీ అన్నాను.

కిరణ్ వచ్చి ఆవిడని బండి మీద ఎక్కించుకున్నాడు. ఆవిడ చీర చెంగు చక్రంలో పడకుండా ఒళ్ళోకి లాక్కుని, కొడుకు భుజం పట్టుకున్నారు. వాళ్ళు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, నడిచి ఇంటికి వచ్చాను. ఎవరి మీదా కోపం రాలేదు. దారంతా ఏడుస్తూనే వచ్చాను. ఏప్రిల్ పన్నెండు నుంచి ఇదే మొదటిసారి.